గాజుతొట్టికి తగిన చేపలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథములను గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో మాటలాడుట వాడుక. చేపలను గూర్చి మాటలాడుటకు నేను నిలుచుండుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని దీనికి తగిన కారణము కలదు. బాలల పఠనమందిరమున ఒక గాజుతొట్టి నుంచి, అందు చేపలను పెంచవలెనని మన యువకులు తలపెట్టినారు. దూరదేశమున ఉద్యోగము చేయుచున్న మన గ్రామ యువకుడొకడు అందుకగు వ్యయము నిచ్చుటకు ముందుకు వచ్చినాడు. అయితే ఆ తొట్టిలో ఫ్లవర్‌హార్న్ అను చేపను వేయవలెననియు, అది యున్నచోట అదృష్టము నిలుచుననియు అతని కోరిక. జీవశాస్త్రము బోధించినవాడనని కార్యవర్గము నా యభిప్రాయము నడిగినది. దాత మనసు నొవ్వరాదు. చేప ప్రాణము పోరాదు. మన చెరువులకు కీడు కలుగరాదు. ఈ మూటిని దృష్టియందుంచుకొని నాలుగు మాటలు మనవి చేయుదును.

1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిననాటినుండియు మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా భావింపలేదు. అది చదువురానివానికి చదివి వినిపించు చోటు. పిల్లవానికి లోకమును చూపు కిటికీ. అట్టి చోట నొక గాజుతొట్టి యుండుట తగినదే. అదియు నొక పుస్తకమువంటిదే. కాని చదువదగిన పుస్తకము నెన్నుకొనుట యెట్లు ముఖ్యమో, పెంచదగిన చేప నెన్నుకొనుటయు నట్లే ముఖ్యము.

ఫ్లవర్‌హార్న్ సిక్లిడ్ అను మత్స్యకుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమున శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జాతులే 1,700 పైచిలుకు కలవు. వీనిలో అధికభాగము ఆఫ్రికాఖండమునను, మధ్య దక్షిణ అమెరికాలయందును పుట్టినవి. మలావీ, టాంగన్యీకా, విక్టోరియా అను ఆఫ్రికా సరస్సులలో ఒక్కొక్కదానియందు వందలకొలది జాతులు వెలసినవి. మన దేశమునకు సహజమైనవి మూడే. కేరళీయులు కరిమీన్ అని పిలుచు ముత్యపుచుక్కల చేప వానిలో పెద్దది. దానిని కేరళ ప్రభుత్వము 2010లో రాష్ట్ర మత్స్యముగా ప్రకటించినది. ఇచ్ఛాపురము దాటి ఉత్తరముగా పోయినచో మనకు పొరుగుననే యున్న చిలికా సరస్సులోను అది కలదు. రెండవది పల్లత్తి యనబడు చిన్న నారింజవన్నె చేప. మూడవది కన్నడదేశపు ఏరులలో మాత్రమే కానవచ్చు అరుదైన జాతి.

ఈ కుటుంబమునకు లోకమంతట నింత ఆదరణ కలుగుటకు రంగు లొక్కటియే కారణము కాదు. పెక్కు చేపలు గ్రుడ్లు పెట్టి తమ దారిని తాము పోవును. సిక్లిడ్లు అట్లు చేయవు. తల్లిదండ్రులు రాతిపైననో, గుంటలోనో గ్రుడ్లు పెట్టి, రెక్కలతో నీటిని విసరుచు, చెడిన గ్రుడ్లను నోటితో ఏరివేయుచు కాపాడును. కొన్నిజాతులలో తల్లి గ్రుడ్లను నోటియందే యుంచుకొని, పిల్లలు వెలువడువరకు ఆహారమును దాదాపుగా మానివేయును. మన నారింజ చేప పిల్లలు తల్లిదండ్రుల యొడలికి తగులుచు, చర్మముపై నూరు జిగురును తినును. చంటిబిడ్డకు పాలెట్లో వానికి ఆ జిగురట్లు. బాలలు కన్నులార చూడదగిన దృశ్యమిది. మాతాపితరుల ప్రేమను గూర్చి పాఠము చెప్పుటకు ఇంతకంటె వేరు పుస్తక మక్కరలేదు.

కాని పిల్లలను కాపాడు చేప తన చోటినిగూడ కాపాడుకొనును. ఇతర చేపలు దరిచేరినచో తరుమును. పారిపోవుటకు చోటు లేనిచో చంపును. కావున సిక్లిడ్ల నెన్నుకొనువారు మొదట చేపను కాక తొట్టిని కొలువవలెను.

సామాన్యముగా ఇండ్లలో నుంచు తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కలిగియుండును. సెంటీమీటర్లలో 60, 30, 30. గుణించినచో 54 లీటర్లు. ఇసుక, రాళ్లు వేసి, పైన కొంత వెలితి విడిచినచో నిలుచు నీరు 45 లీటర్లకు మించదు. అనగా నాలుగు బిందెలు. ఆ నాలుగు బిందెల నీటిలోనే చేప తినవలెను, విసర్జింపవలెను, ఊపిరి పీల్చవలెను, పోట్లాడవలెను, ప్రేమింపవలెను. ఈ లెక్క తెలియక అంగడిలో రెండంగుళముల పిల్లను చూచి ముచ్చటపడి కొనువారే యెక్కువ.

ఆస్కార్ అను దక్షిణ అమెరికా చేప అట్టిదే. అంగడిలో బొటనవ్రేలంత యుండును. సరిగా పెరిగినచో అడుగు పొడవగును. చిన్న తొట్టిలో నిది త్రిప్పుకొనుటకే చోటుండదు. సన్నని రెక్కలతో వయ్యారముగా ఈదు దేవదూత చేప, ఏంజెల్ అని పిలుచునది, పొడవుకంటె ఎత్తెక్కువగా పెరుగునది గనుక అడుగెత్తు తొట్టి దానికి చాలదు. పళ్లెమువలె గుండ్రముగా నుండు డిస్కస్ అందమైనదే గాని, నిత్యము నీరు మార్చు ఓపిక గలవారికే అది నిలుచును.

ఇక మన దాత కోరిన ఫ్లవర్‌హార్న్. ఇది యే నదిలోను పుట్టిన జాతి కాదు. 1990వ దశాబ్దమున మలేషియాలో అమెరికా సిక్లిడ్లను కలిపి మనుష్యులు పుట్టించిన సంకరజాతి. నుదుటిపై బుడిపె పెరుగును. ప్రక్కలనుండు నల్లని మచ్చలను కొందరు అక్షరములుగా చదువుకొని అదృష్టసూచకములని నమ్ముదురు. ఆ నమ్మకముతో నాకు తగవు లేదు. కాని అడుగు పొడవు పెరిగి, తోడుగానున్న ప్రతి చేపను చంపి, జీవితమంతయు ఒంటరిగా నుండు ఈ ప్రాణికి నాలుగడుగుల తొట్టియైనను కావలెను. నాలుగు బిందెల నీటిలో దాని నుంచుట ఏనుగును గొడ్లసావిడిలో కట్టుటవంటిది. చేప కుములుచున్న చోట మనకు అదృష్టమెట్లు వచ్చును? దాత సహృదయుడు. ఈ మాట చెప్పినచో గ్రహించుననియే నా నమ్మకము.

అయినచో చిన్న తొట్టికి తగిన సిక్లిడ్లు లేవా? కలవు. మొదటిది రామ్ అని పిలువబడు నీలి చుక్కల చిన్న చేప. దక్షిణ అమెరికాలో వెనిజులా, కొలంబియా దేశముల ఒరినోకో నదీప్రాంతపు పచ్చికబయళ్లు దీని పుట్టినిల్లు. రెండంగుళములకు మించి యంతగా పెరుగదు. 27 మొదలు 30 డిగ్రీల వెచ్చదనమును కోరును గనుక సంవత్సరములో అధికభాగము మన వాతావరణము దానికి సరిపడును. కాని మెత్తని నీరు కావలెను, ఆయుర్దాయము రెండు మూడు సంవత్సరములే, సుకుమారి. రెండవది అపిస్టోగ్రామా జాతి. ఇవియు అట్టి చిన్నవే. ఒక మగ, ఒకటి రెండు ఆడచేపలు చాలును. మూడవది క్రిబెన్సిస్. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా ప్రాంతపు చేప. గట్టి ప్రాణి, నీటివిషయమున పట్టుదల తక్కువ. ఆడుదానికి కడుపువద్ద కుంకుమవన్నె. క్రొత్తగా మొదలిడువారికి ఒక్క జంట తగును. గుహలలో గ్రుడ్లు పెట్టునది గనుక దీనికొక గుహ కావలెను. అందుకై అంగడిలో బొమ్మలు కొననక్కరలేదు. ఉద్దానమున కొబ్బరిచిప్పలకు కొదవయా! పీచు తీసి, లోపలి కొబ్బరిని పూర్తిగా గీకి, బాగుగా ఉడికించి ఆరబెట్టిన చిప్పకు చిన్న ద్వారము చేసి బోర్లించినచో చక్కని పురిటిగది యగును.

నాల్గవది టాంగన్యీకా సరస్సునందలి గుల్ల చేప. అంగుళమునకు కొంచెము మించిన ఈ చేపలు ఖాళీ నత్తగుల్లలలో కాపురముండును. మన చెరువుగట్లపై దొరకు పెద్ద నత్తల గుల్లలను కడిగి ఉడికించి వేసినచో చాలును. ఇవి ఇసుకను నోటితో మోసి గోడలు కట్టుట చూచినచో నవ్వు రాక మానదు. కాని వీనికి సున్నపుపాలెక్కువగల గట్టి నీరు కావలెను. రామ్ చేపకు పనికివచ్చు నీరు దీనికి పనికిరాదు. రెంటిని ఒక తొట్టిలో కలుపుట ఎండలోని మొక్కను, నీడలోని మొక్కను ఒక కుండలో నాటుటయే.

కావున తొట్టి తరువాత చూడవలసినది నీరు. ఉద్దానమున నీటిమాట యెత్తినంతనే మనసు బరువెక్కును. మూత్రపిండముల వ్యాధి మన పల్లెలలో నెన్ని యిండ్లను చీకటి చేసినదో మీకు నేను చెప్పనక్కరలేదు. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును ప్రారంభమైనవి. ఇట్టి సీమలో చేపల తొట్టికని శుద్ధిచేసిన త్రాగునీటి డబ్బా నొక్కటియైనను వ్యర్థపరచుట తగదు. అది చేపకును మేలు కాదు. ఆ నీటిలో లవణములు మిక్కిలి తక్కువగుటచే ఒంటిగా వాడిన నీటి గుణము నిలుకడగా నుండదు. గ్రంథాలయపు బావినీరు చాలును. అది యెట్టిదో అంగళ్లలో దొరకు పరీక్షకాగితముతో ముందు చూడుడు. ఒక వీధి బావికిని మరియొక వీధి బావికిని భేదముండును. గట్టి నీరైనచో గుల్ల చేపలు, మెత్తని నీరైనచో రామ్ గాని అపిస్టోగ్రామా గాని, నడిమిదైనచో క్రిబెన్సిస్. నీటికి తగిన చేపను తెచ్చుట తెలివి. చేపకొరకు నీటిని మార్చబూనుట ఎడతెగని శ్రమ. ఎండిన నాటుబాదము ఆకు నొకటి వేసినచో నీరు తేయాకు రంగు తిరిగి, మెత్తని నీరు కోరు చేపలకు హితవుగా నుండును. కుళాయినీరైనచో ఒక పగలు, ఒక రేయి వెడల్పు పాత్రలో నిలువనిచ్చి, లేదా క్లోరిను విరుగుడు మందు వేసి వాడవలెను.

ఇసుక విషయమునను జాగ్రత్త కావలెను. బారువ తీరపు ఇసుక దగ్గరనే యున్నదని తెచ్చి పోయవలదు. అందు ఉప్పును, గుల్లపొడియు కలసియుండును. వంశధార, మహేంద్రతనయల ఇసుక కొంచెము తెచ్చి, కడిగి వాడుడు. అనుమానమున్నచో నిమ్మరసము పిండి చూడుడు. బుసబుస పొంగినచో సున్నమున్నదని గుర్తు.

తొట్టి నింపినదినముననే చేపలను వేయుట సామాన్యముగా జరుగు పొరపాటు. చేపల విసర్జనమునుండి అమ్మోనియా పుట్టును, అది విషము. నీటిలోను, ఇసుకలోను, వడపోత స్పంజిలోను క్రమముగా పెరుగు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. ఈ సూక్ష్మజీవులు చాలినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు చిటికెడు మేత మాత్రము వేయుచు, నీటిని పరీక్షించుచు, ఓపిక పట్టవలెను. పాలు తోడుకొనక ముందే కవ్వము పెట్టినచో వెన్న రాదు గదా! చేపలు వచ్చిన పిదప వారమున కొకమారు నాలుగవ వంతు నీటిని తీసి క్రొత్తనీరు పోయవలెను. తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. మన ఆవరణలోని కొబ్బరిమొక్కలకు పోయవచ్చును. వడపోత స్పంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టినుండి తీసిన ఆ నీటిలోనే పిండవలెను. లేనిచో సూక్ష్మజీవులు నశించును.

బాలలారా, మీకొక మాట. బిస్కత్తు ముక్కలు, మరమరాలు, అన్నము మెతుకులు తొట్టిలో వేయరాదు. ప్రేమతో వేసినదైనను అవి నీటిని చెరచును. రెండు నిమిషములలో చేపలు తినగలిగినంత మేత రోజున కొకటి రెండుమారులు చాలును. వారమున కొకనాడు మేత మానినను వానికి మేలే.

మన తీరమున మరియొక చిక్కు కలదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చినప్పుడు మన జీడితోటలకు, కొబ్బరితోటలకు కలిగిన నష్టము మరువరానిది. తిత్లీ తరువాత పెక్కు గ్రామములు దినములకొలది చీకటిలో నుండెను. విద్యుత్తు లేనిచో గాలి నిచ్చు యంత్రము ఆగును. అట్టివేళ మనుష్యుల గోడు ముందు. చేపల సంగతి తరువాత. అయినను తెలిసియున్నచో కష్టము లేదు. మేత పూర్తిగా నిలిపివేయుడు. పెరిగిన చేపలు కొన్ని దినములు తినకున్నను బ్రతుకును. చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచు గాలి కలుపుడు. చేపలు తక్కువగానున్న తొట్టి తుపానును దాటును. క్రిక్కిరిసిన తొట్టి దాటదు. తక్కువ చేపలు వేయుమని నేను పదేపదే చెప్పుట యిందుకే.

ఇక నన్నిటికంటె ముఖ్యమైన మాట. పెంచలేకపోయిన చేపను చెరువులో విడుచుట పుణ్యమని కొందరు తలంతురు. అది పుణ్యము కాదు. 1952లో మన దేశమునకు ఆహారముకొరకు తెచ్చిన తిలాపియా యనునదియు సిక్లిడే. అది విపరీతముగా పెరిగి చెరువులలో ఇతర చేపల తిండిని, చోటును ఆక్రమించుటచే 1959 నాటికే దాని వ్యాప్తిని నిషేధింపవలసివచ్చెను. అప్పటికే చేయి దాటినది. అద్దమునకు పట్టు పాచిని తినునని గాజుతొట్టులకు తెచ్చిన గరుకుచర్మపు చేప నేడు మన రాష్ట్రపు చెరువులలో దయ్యపు చేపయను పేరుతో వలలను చింపుచు మత్స్యకారులను బాధించుచున్నది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సున 1950వ దశాబ్దమున నైలు నదీమత్స్యమును విడిచినందున అక్కడి చిన్న సిక్లిడ్లు వందలకొలది జాతులు మాయమైనవి. అక్కడ సిక్లిడ్లు నష్టపోయినవి. ఇక్కడ సిక్లిడ్ నష్టము చేసినది. ఏ చేపయు స్వభావముచే దుష్టము కాదు. తనది కాని నీటిలో విడువబడినప్పుడే కీడు మూడును.

మనకున్న నీటి సంపద చిన్నది కాదు. సోంపేట బీలను కాపాడుకొనుటకు 2010లో మనవారు ప్రాణములనే యొడ్డినారు. టెక్కలికి సమీపమున తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను అక్కడి ప్రజలు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. ఆ పక్షుల పిల్లలకు తిండి మన చెరువులలోని, మడుగులలోని చిన్న చేపలే. పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు ఉన్న నీటిలో ఒక్క ఫ్లవర్‌హార్న్ జంటను విడిచినచో ఏమగునో చెప్పజాలము; చెప్పజాలనిదానిని చేయకుండుటయే వివేకము. పెంచలేనివారు చేపను అంగడికైనను తిరిగి యిచ్చివేయవచ్చును, పెంచగల మరియొకరి కైనను ఇయ్యవచ్చును.

ఇప్పుడు కార్యవర్గము వారి ప్రశ్నకు నా సమాధానము. దాత యిచ్చు ధనములో ఖరీదైన చేపకు కేటాయించినదానిని తొట్టికి మరలింపుడు. రెండడుగుల తొట్టికి మారుగా మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు గల తొట్టిని తెప్పింపుడు. అందు నూరు లీటర్లవరకు పట్టును. బరువు నూరు కిలోలు దాటును గనుక గోడ నానుకొని గట్టి బల్ల కట్టింపుడు. ఎండ నేరుగా తగులు కిటికీవద్ద పెట్టవలదు. అందు మన దేశపు నారింజ చేప పిల్లలను ఐదారింటిని వేయుడు. అవి మూడంగుళములకు మించి యంతగా పెరుగవు. వెచ్చని నీటికి అలవాటుపడినవి. మంచినీటిలోను, కొంచెము ఉప్పు కలిసిన నీటిలోను బ్రతుకగలవు. పెరిగిన పిదప వానిలో నొక జంట యేర్పడి గ్రుడ్లు పెట్టినచో తక్కినవానిని వేరు తొట్టికి మార్పుడు. అవి మన దేశమువే యైనను మన చెరువులవి కావు గనుక, విడువరాదను నియమము వానికిని వర్తించును. అంత పెద్ద తొట్టికి చోటు లేదందురా, రెండడుగుల తొట్టిలో ఒక్క జంట క్రిబెన్సిస్, ఒక కొబ్బరిచిప్ప. అంతకు మించి వలదు.

ఒక పుస్తకమును తొట్టి ప్రక్కన వ్రేలాడదీయుడు. ఎవరు ఏనాడు మేత వేసినారు, ఎవరు నీరు మార్చినారు, ఏ చేప యెట్లున్నది అని బాలలే వ్రాయవలెను. ఒకరు వేసితిరో లేదో తెలియక పదిమంది మేత వేసిన తొట్టి పది దినములు నిలువదు. ఆ లెక్కపుస్తకము కొన్నియేండ్లకు ఈ గ్రంథాలయమునకే పిల్లలు వ్రాసిన గ్రంథమగును.

మన దాతకు నేనే స్వయముగా ఉత్తరము వ్రాయుదును. అతడు కోరిన అదృష్టము చేప నుదుటి బుడిపెలో లేదనియు, గ్రుడ్లచుట్టు రెక్క విసరుచు తిరుగు తల్లిని చూచి మన పిల్లలు నోరు తెరచి నిలుచుండు క్షణమునందున్నదనియు తెలుపుదును. అతని పేరుతోనే ఆ తొట్టి వెలయవలెనని నా ప్రార్థన.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని కోరుచు విరమించుచున్నాను.